మింట్ మీద ఐ3: ఒక కొత్త యూజర్‌తో రెండు ప్రయత్నాలు

లినక్స్‌కు కొత్తయిన ఒకావిడ ల్యాప్‌టాప్‌లో ఐ3 అనే విండో మేనేజర్ (తెర మీద విండోలను అమర్చే ప్రోగ్రాము) పెట్టాలి, ఆవిడ దానితో రోజువారీ పని హాయిగా చేసుకోవాలి. ఈ కేసులో నా పని ఇంతే. మొదటిసారి నేనే చెడగొట్టాను. రెండోసారి కుదిరింది. రెండుసార్లూ అదే ల్యాప్‌టాప్, అదే ఐ3. మారింది నేను పెట్టిన పద్ధతి. కొత్తవాళ్లకు పనికొచ్చేది ఆ పద్ధతే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఆవిడ అనువాదకురాలు. నేను అక్కా అని పిలుస్తాను. తెరకు ఎడమ పక్క పీడీఎఫ్‌లో మూలం, కుడి పక్క లిబ్రె ఆఫీస్‌లో అనువాదం, మధ్యమధ్యలో బ్రౌజర్‌లో నిఘంటువు. రోజంతా ఈ మూడే. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, చిన్న తెర. ఏడాదిగా ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్‌తో లినక్స్ మింట్ వాడుతున్నారు. టెర్మినల్ తెరిచి నేను చెప్పిన కమాండ్ కొట్టగలరు కానీ అదేం చేస్తుందో తెలియదు.

"తమ్ముడూ, అనువాదం చేసే టైమ్ కన్నా విండోలు సర్దుకునే టైమే ఎక్కువైపోతోంది" అన్నారు.

ముందుగా ఎక్స్‌ఎఫ్‌సీఈలోనే ఉన్న సౌకర్యం చూపించాను. విండోను తెర అంచుకు లాగితే సగం తెరకు సర్దుకుంటుంది. రెండు విండోలకు అది చాలు. మూడోది తెరవగానే అది వీటి మీద పడుతుంది, మళ్లీ మౌస్‌తో లాగుడు మొదలు. ఆవిడ పనిలో మూడోది ప్రతి ఐదు నిమిషాలకూ వస్తుంది. అప్పుడే టైలింగ్, అంటే విండోలను పలకల్లా పక్కపక్కన పరిచే విండో మేనేజర్ గురించి చెప్పాను. కొత్త విండో వస్తే ఉన్నవి వాటంతట అవే జరిగి చోటిస్తాయి, ఒకదాని మీద ఒకటి పడవు అన్నాను.

ల్యాప్‌టాప్ వేగం పెరుగుతుందా అని కూడా అడిగారు. నిజమే చెప్పాను. ఐ3 చాలా తక్కువ మెమరీ తీసుకుంటుంది. కానీ బ్రౌజర్‌లో నాలుగు బరువైన ట్యాబులు తెరిస్తే ఆ మిగులు కరిగిపోతుంది. వేగం కోసమే మారాలనుకుంటే నేను వద్దనే అంటాను. ఆవిడకు కావలసింది విండోల సర్దుబాటు కాబట్టి సరే అన్నాను.

విండో మేనేజర్‌ను ఎందుకు మార్చగలం

ఈ సంగతి కొత్తవాళ్లకు ముందే చెప్పాలి. ఇది తెలియకపోతే ఏదో వ్యవస్థనే తవ్వి మారుస్తున్నామన్న భయం పోదు. తెర మీద విండోలు చూపించే ఎక్స్ విండో సిస్టమ్ 1984లో ఎంఐటీలో మొదలైంది, ఎక్స్11 1987లో వచ్చింది. ఎక్స్ సర్వర్ పని తెర మీద గీయడం, కీబోర్డ్, మౌస్ నుంచి వచ్చేవాటిని అందించడం. విండోకు పట్టీ ఉండాలా, అది ఎక్కడ ఉండాలి, ఎంత పెద్దగా ఉండాలి అన్నవి సర్వర్ నిర్ణయించదు. ఆ పని వేరే ప్రోగ్రాముకు వదిలేశారు, అదే విండో మేనేజర్. బ్రౌజర్ ఎలా ఎక్స్‌కు ఒక క్లయింటో (సర్వర్‌ను వాడుకునే ప్రోగ్రామో), విండో మేనేజర్ కూడా అలాంటి క్లయింటే. ఒక్కటే తేడా: కొత్త విండో తెరుచుకునేటప్పుడు ముందు నన్నడగండి అనే హక్కును సర్వర్ ఒక సమయంలో ఒక్క ప్రోగ్రాముకే ఇస్తుంది. ఒకటి నడుస్తుండగా రెండోది మొదలుపెడితే ఇప్పటికే ఇంకో విండో మేనేజర్ ఉందని లోపం చూపించి ఆగిపోయేది అందుకే.

కాబట్టి ఐ3 పెట్టడమంటే ఎక్స్‌ఎఫ్‌సీఈని తీసేయడం కాదు. ఐ3 ప్యాకేజీ పెడితే లాగిన్ స్క్రీన్‌లో సెషన్ల జాబితాకు, అంటే దేనిలోకి వెళ్లాలో ఎంచుకునే జాబితాకు ఇంకో పేరు చేరుతుంది. పాతది అలాగే ఉంటుంది.

ఐ3నే ఎందుకు

ఓపెన్‌బాక్స్ అనే ఇంకో విండో మేనేజర్ గురించి ఆలోచించాను. అలవాటైనట్టు ఒకదాని మీద ఒకటి తేలే విండోలే ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లు బెదరరు. కానీ ఆవిడ సమస్యే తేలే విండోలు. పైగా దాని సెట్టింగులు ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ఉంటాయి, ఒక్క గుర్తు పొరపాటున చెరిగినా ఎక్కడ తప్పిందో కొత్తవాళ్లు వెతుక్కోలేరు. డీడబ్ల్యూఎంలో చిన్న మార్పుకు కూడా సీ కోడ్ మార్చి మళ్లీ కంపైల్ చేయాలి. ఆసమ్‌కు లువా, ఎక్స్‌మొనాడ్‌కు హాస్కెల్, క్యూటైల్‌కు పైథాన్ కావాలి. ఇవన్నీ మంచివే, ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకు. 2009లో మైకేల్ స్టాపెల్‌బర్గ్ మొదలుపెట్టిన ఐ3లో సెట్టింగులు మామూలు టెక్స్ట్ ఫైలు, గీతకు ఒక ఆదేశం. తప్పు రాస్తే తెర పైన ఎర్ర పట్టీ వచ్చి, ఏ గీతలో తప్పుందో చూసే బటన్ ఇస్తుంది. కొత్తవాళ్ల విషయంలో నేను అన్నిటికన్నా విలువిచ్చేది ఆ ఎర్ర పట్టీకే. తప్పు చేశాక దారి చూపే ప్రోగ్రాము కావాలి వాళ్లకు.

మొదటి ప్రయత్నం

ఏళ్లుగా నేను దిద్దుకుంటూ వచ్చిన ఐ3 కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలు ఒకటి ఉంది. ఐ3 ప్యాకేజీ పెట్టి, ఆ ఫైలును ఆవిడ ల్యాప్‌టాప్‌లో కాపీ చేసి, ముఖ్యమైన కీలు ఒక కాగితం మీద రాసిచ్చి వచ్చేశాను. మంచి చేస్తున్నాననే అనుకున్నాను.

ఆ సాయంత్రం ఫోన్ వచ్చింది. లాగిన్ అయ్యాక నల్లటి తెర, కింద ఒక సన్నటి గీత, అంతే. కాగితం మీద ఉన్న కీలు నొక్కితే ఏమీ జరగడం లేదు. పవర్ బటన్ పట్టుకుని ఆపేసి, మళ్లీ పెట్టినా అదే తెర. మర్నాటికి ఇవ్వాల్సిన పని అందులో ఉంది. ఆవిడ గొంతులో టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది.

నా ఫైలులో టెర్మినల్ అంటే నేను వాడే టెర్మినల్ పేరు రాసి ఉంది, అది ఆవిడ దగ్గర లేదు. ప్రోగ్రాములు తెరిచే కీకి రోఫీ అనే ప్రోగ్రాము కట్టి ఉంది, అదీ లేదు. ఐ3 మాత్రం సరిగ్గానే నడుస్తోంది. దొరకని ప్రోగ్రామును తెరవబోయి, దొరక్క, ఊరుకుంటోంది. ఐ3తో వచ్చే మామూలు ఫైలులో అయితే టెర్మినల్ కీ ఒక చిన్న స్క్రిప్టును పిలుస్తుంది. వ్యవస్థలో ఏ టెర్మినల్ ఉందో ఒక్కొక్కటే చూసి, ఉన్నదాన్ని అది తెరుస్తుంది. ఆ జాగ్రత్తను నేను తీసేసి, నా ఇష్టం పెట్టాను. మళ్లీ అదే తెర రావడానికి కారణం వేరే: లాగిన్ స్క్రీన్ చివరిసారి వాడిన సెషన్‌ను గుర్తుపెట్టుకుంటుంది.

ఫోన్‌లోనే చెప్పాను. "అక్కా, పాస్‌వర్డ్ కొట్టకముందు మీ పేరు పక్కన చిన్న గుర్తు కనిపిస్తుంది. దాన్ని నొక్కి ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎంచుకోండి." అరనిమిషంలో పాత డెస్క్‌టాప్ వచ్చింది. ఈ ఒక్క మాట ముందే చెప్పి, ఒకసారి ఆవిడ చేతే చేయించి ఉంటే ఆ సాయంత్రం అలా గడిచేది కాదు. ఇప్పుడు ఎవరికి పెట్టినా ఐ3 తెరవడం కన్నా ముందు వెనక్కి వెళ్లే దారి నేర్పుతున్నాను. సెషన్ మార్చడం ఒకటి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే టెక్స్ట్ లాగిన్ వస్తుందని చూపించడం రెండోది.

రెండో ప్రయత్నం: విండోలో ఐ3

రెండు వారాలు ఆగి మళ్లీ అడిగాను. ఆవిడే సరే అన్నారు. ఈసారి నా ఫైలు తీసేసి, జెఫిర్‌తో మొదలుపెట్టాను. జెఫిర్ కూడా ఎక్స్ సర్వరే, కానీ అది మామూలు విండోలో నడుస్తుంది. దాని లోపల ఐ3 తెరిస్తే, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ మీద ఒక పెట్టెలో చిన్న ఐ3 ప్రపంచం కనిపిస్తుంది. ఎంత పాడుచేసినా ఆ విండో మూసేస్తే సరి. కొత్తవాళ్లకు ఇంతకన్నా మంచి బడి నాకు తెలియదు. ఒక్క చిక్కుంది. విండోస్ కీ నొక్కితే బయట ఉన్న ఎక్స్‌ఎఫ్‌సీఈ దాన్ని పట్టేసుకుంటుంది. జెఫిర్ విండోలో ఉండగా కంట్రోల్, షిఫ్ట్ కలిపి నొక్కితే కీబోర్డ్, మౌస్ రెండూ లోపలికి బందీ అవుతాయి, మళ్లీ నొక్కితే విడుదలవుతాయి.

మొదటిసారి తెరవగానే ఐ3 రెండు ప్రశ్నలు అడుగుతుంది. కాన్ఫిగ్ ఫైలు తయారుచేయాలా, ముఖ్యమైన కీగా విండోస్ కీ కావాలా ఆల్ట్ కావాలా అని. విండోస్ కీ అన్నాం. లిబ్రె ఆఫీస్‌లో మెనూలు తెరవడానికి ఆల్ట్ కావాలి, దాన్ని ఐ3కి ఇస్తే ఆవిడ రోజూ ఇబ్బంది పడేవారు.

నేర్పింది ఆరే ఆరు. విండోస్ కీతో ఎంటర్ టెర్మినల్. డి నొక్కితే పైన వచ్చే పట్టీలో ప్రోగ్రాము పేరు కొట్టొచ్చు. అంకె నొక్కితే ఆ అంకె ఉన్న వర్క్‌స్పేస్‌కు, అంటే ఇంకో తెర లాంటి చోటుకు వెళ్తాం. షిఫ్ట్ కూడా కలిపి అంకె నొక్కితే ఉన్న విండోను అక్కడికి పంపుతాం. షిఫ్ట్, క్యూ విండో మూసేస్తుంది. ఎఫ్ తెరంతా నింపుతుంది. మూడు రోజులు జెఫిర్‌లోనే, రోజుకు అరగంట. నాలుగో రోజు "ఇది నా నిజం తెర మీద ఎప్పుడు పెడతావు?" అని ఆవిడే అడిగారు.

డెస్క్‌టాప్ మౌనంగా చేసే పనులు

నిజం సెషన్‌కు వెళ్లేముందు ఒక పని చేశాం. మొదటిసారి నేను చేయనిది అదే. ఎక్స్‌ఎఫ్‌సీఈ అంటే విండో మేనేజర్ ఒక్కటే కాదు. దాని వెనక కనిపించని పనివాళ్లు చాలామంది ఉంటారు. విండో మేనేజర్‌ను మార్చి లాగిన్ అయితే వాళ్లెవరూ రారు. అప్పుడు ఒక్కొక్కటే పని చేయడం ఆగిపోతుంది, కొత్తవాళ్లు దాన్ని ల్యాప్‌టాప్ పాడవడం అనుకుంటారు.

అందుకని పాత సెషన్‌లోనే కూర్చుని, ఆవిడ రోజూ చేసేవన్నీ ఒక కాగితం మీద రాశాం. టచ్‌ప్యాడ్‌ను తట్టడం, వెలుతురు తగ్గించడం, శబ్దం పెంచడం, మూత మూయడం, వైఫై మార్చడం, అప్‌డేట్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ ఇవ్వడం, భాష మార్చడం. ప్రతిదాని ఎదుట ఆ పని ఎవరు చేస్తున్నారో రాశాం. సెట్టింగుల్లో సెషన్, స్టార్టప్ అన్నచోట లాగిన్‌తో మొదలయ్యే ప్రోగ్రాముల జాబితా దీనికి బాగా ఉపయోగపడింది. ఐ3 మామూలు ఫైలులో డెక్స్ అనే ప్రోగ్రాముతో ఈ జాబితాను నడిపించే గీత ఉంటుంది. కానీ ఫలానా డెస్క్‌టాప్‌లో మాత్రమే మొదలవ్వాలి అని రాసి ఉన్నవి ఐ3లో మొదలవ్వవు. మనకు కావలసినవాటిలో కొన్ని సరిగ్గా అలాంటివే.

ఇక్కడ చాలామంది ఇచ్చే సలహా, పనికొకటి చొప్పున కొత్త చిన్న ప్రోగ్రాము పెట్టుకోమని. వెలుతురుకు ఒకటి, నోటిఫికేషన్లకు ఒకటి, థీమ్‌కు ఒకటి, వాల్‌పేపర్‌కు ఒకటి. అనుభవమున్నవాళ్లకు అది మంచి దారే. కొత్తవాళ్లకు మాత్రం ఒకేసారి అరడజను పరాయి ప్రోగ్రాములు నేర్చుకోమని చెప్పడమే అవుతుంది. నేను వేరే దారి తీసుకున్నాను. ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎలాగూ ల్యాప్‌టాప్‌లో ఉంది, దాని పనివాళ్లనే ఐ3లోకి పిలిచాను.

టచ్‌ప్యాడ్ నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ ముందు బెదిరేది దానికే. ఐ3లోకి వెళ్లగానే టచ్‌ప్యాడ్ మీద తడితే క్లిక్ పడదు. అది పాడవలేదు. తట్టితే క్లిక్ కావడం, టచ్‌ప్యాడ్‌ను నడిపే లిబ్‌ఇన్‌పుట్‌లో మామూలుగా ఆపేసి ఉంటుంది. దాన్ని ఆన్ చేసేది ఎక్స్‌ఎఫ్‌సీఈ సెట్టింగుల డీమన్, అంటే వెనక నడిచే ప్రోగ్రాము. అక్షరాల సైజు, థీమ్, ఐకాన్లు ప్రోగ్రాములకు చెప్పేదీ అదే. ఆ డీమన్‌ను మొదలుపెట్టే ఒక్క గీత ఐ3 ఫైలు చివర చేర్చాం. మళ్లీ లాగిన్ అయితే టచ్‌ప్యాడ్, అక్షరాలు, థీమ్ మూడూ తిరిగొచ్చాయి. అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ కీబోర్డ్ షార్ట్‌కట్లు కూడా దాంతోపాటే వస్తాయి. విండోస్ కీకి మెనూ కట్టి ఉంటే అది ఐ3 కీలకు అడ్డు తగులుతుంది. ముందుగానే ఎక్స్‌ఎఫ్‌సీఈ కీబోర్డ్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ ముడి విప్పేశాం.

వెలుతురు కీలకు, బ్యాటరీకి ఎక్స్‌ఎఫ్‌సీఈ పవర్ మేనేజర్‌ను ఇంకో గీతతో పిలిచాం. శబ్దం కీలు ఐ3 మామూలు ఫైలులోనే ఉన్నాయి. వైఫై గురించి ఆవిడ బాగా భయపడ్డారు కానీ నెట్‌వర్క్ మేనేజర్ లాగిన్‌తో సంబంధం లేకుండా వెనక నడిచే సర్వీసు, కనెక్షన్ దానంతటదే వచ్చింది. ఐకాన్ చూపే గీత కూడా మామూలు ఫైలులో ముందే ఉంది.

పాస్‌వర్డ్ సంగతి అంత తేలిగ్గా బయటపడదు. అప్‌డేట్ మేనేజర్‌లో బటన్ నొక్కితే పాస్‌వర్డ్ అడిగే పెట్టె రావాలి. ఆ పెట్టెను చూపించేది పోల్‌కిట్ ఏజెంట్ అనే ఇంకో పనివాడు. అది నడవకపోతే బటన్ నొక్కినా ఏమీ జరగదు, ఎందుకు జరగలేదో చాలాసార్లు తెర మీద ఏ మాటా రాదు. ఈ లోటు చాలామందికి ఐ3లోకి మారిన వారం పది రోజులకు గానీ తెలియదు, అప్పటికి దాన్ని విండో మేనేజర్‌తో ముడిపెట్టి చూడరు. మా కాగితంలో ముందే రాసి ఉంది కాబట్టి మూడో గీత దానికి పెట్టి, ఆ రోజే అప్‌డేట్ నడిపి పరీక్షించాం.

తాళం విషయంలో నేను పట్టుబట్టాను. ఆవిడ దగ్గర ఇతరుల పత్రాలుంటాయి, మూత మూస్తే తెరకు తాళం పడి తీరాలి. ఐ3 మామూలు ఫైలులో దానికి గీత ఉంది. నిద్రలోకి వెళ్లేముందు ఎక్స్‌ఎస్‌ఎస్ లాక్ అనే ప్రోగ్రాము ఐ3లాక్‌ను పిలుస్తుంది. కానీ గీత ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ ప్యాకేజీలు రెండూ ఉండాలి. మేం చూసినప్పుడు మొదటిది లేదు. మూత మూసి తెరిస్తే పత్రాలు అలాగే కనిపించాయి. ప్యాకేజీ పెట్టాక మూడుసార్లు మూసి తెరిచి చూశాం. ఐ3లాక్ తెరంతా ఒకే రంగు చూపిస్తుంది, పాస్‌వర్డ్ కొట్టే పెట్టె కనిపించదు. "అక్కా, ఏమీ లేనట్టు కనిపించినా పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కండి" అని ముందే చెప్పి, ఒకసారి చేయించాను. చెప్పకపోతే హ్యాంగ్ అయిందనుకుని పవర్ బటన్ నొక్కేస్తారు.

ఆఖరుది భాష. ఆవిడ ఐబస్ అనే భాషల టైపింగ్ ప్రోగ్రాముతో టైప్ చేస్తారు. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి భాష మార్చడం చేతికి బాగా పట్టిన అలవాటు. ఐ3లో అదే జత తేలే విండోలకూ పలకలైన విండోలకూ మధ్య మారడానికి కట్టి ఉంది. భాష మారకపోయేసరికి ఆవిడ పని పూర్తిగా ఆగింది. ఐబస్ సెట్టింగుల్లో కీ మార్చొచ్చు, లేదా ఐ3 గీతను ఆపొచ్చు. రోజుకు వందలసార్లు చేసే అలవాటును మార్చమనడం న్యాయం కాదనిపించింది. ఐ3 గీత ముందు హ్యాష్ గుర్తు పెట్టి దాన్ని ఆపేశాం.

పలకలతో కుదురుకోవడం

సెట్టింగులు అయ్యాక కూడా ఒక వారం కష్టంగానే గడిచింది. ఐ3 విండోలను పెట్టెల్లో పెట్టెలుగా అమర్చుతుంది. పక్కన కావాలా కింద కావాలా అన్నది విండో తెరవకముందే చెప్పాలి. విండోస్ కీతో వి నొక్కితే తర్వాతి విండో కింద వస్తుంది. వి నొక్కిన క్షణంలో విండో అంచు రంగు కాస్త మారడం తప్ప ఏమీ కనిపించదు. పని చేయలేదనుకుని ఆవిడ నాలుగైదుసార్లు నొక్కేవారు, అయోమయపడేవారు. నేను దాన్ని వివరించడం మానేసి డబ్ల్యూ నేర్పాను. అది ఉన్న విండోలన్నిటినీ బ్రౌజర్ ట్యాబుల్లా ఒకదాని వెనక ఒకటి పెడుతుంది. చిన్న తెరకు ఇదే సరైనది. ఇప్పుడు మొదటి వర్క్‌స్పేస్‌లో పీడీఎఫ్, అనువాదం పక్కపక్కన ఉంటాయి. రెండో దాంట్లో బ్రౌజర్, నిఘంటువు ట్యాబుల్లా ఉంటాయి. రెండు కీలతో అటూ ఇటూ వెళ్లొస్తారు.

కొన్ని చిన్న ప్రోగ్రాములు పలకలైతే బాగుండవు. క్యాలిక్యులేటర్ సగం తెర ఆక్రమిస్తే చూడలేం. విండో వివరాలు చూపే ఎక్స్‌ప్రాప్ కమాండ్ నడిపి ఆ విండో మీద క్లిక్ చేస్తే డబ్ల్యూఎం క్లాస్ అన్నచోట రెండు పేర్లు చూపిస్తుంది. ఐ3లో క్లాస్ అని రాసేటప్పుడు వాడాల్సింది రెండో పేరు, మొదటిది ఇన్‌స్టన్స్. ఈ పొరపాటు దాదాపు అందరూ చేస్తారు. ఆ పేరుతో ఒక గీత రాస్తే ఆ విండో ఎప్పుడూ తేలుతూ తెరుచుకుంటుంది.

ఫైలు మార్చే ప్రతిసారీ ముందు పాతదాన్ని తేదీతో కాపీ చేయాలని, ఒకసారి ఒక్క గీతే మార్చాలని ఒప్పించాను. ఐ3ని పెద్ద సీ ఆప్షన్‌తో పిలిస్తే ఫైలులో తప్పులున్నాయేమో చూసి చెబుతుంది. ఆ తర్వాత విండోస్ కీ, షిఫ్ట్, ఆర్ నొక్కితే విండోలు మూతపడకుండానే ఐ3 కొత్త ఫైలుతో మళ్లీ మొదలవుతుంది. ఇది చూసినప్పుడు ఆవిడ ముఖంలో భయం పోయింది.

ఇప్పటి పరిస్థితి

మూడు నెలలైంది. రోజూ ఐ3లోనే పని చేస్తున్నారు. పెద్ద తెర తగిలించి వీడియో మీటింగులో కూర్చునే రోజుల్లో మాత్రం ఎక్స్‌ఎఫ్‌సీఈ సెషన్‌కు వెళ్తారు, దాన్ని నేను లోపంగా చూడటం లేదు. పాత సెషన్ ఉంచింది అందుకే. కిందటి వారం పీడీఎఫ్ ఎప్పుడూ ఒకటో వర్క్‌స్పేస్‌లోనే తెరుచుకునేలా ఒక గీత తనే రాసుకున్నానని చెప్పారు. క్లాస్ పేరు కూడా సరైనదే పెట్టారు.

ఇక మిగిలింది వేలాండ్, ఎక్స్ స్థానంలో వస్తున్న కొత్త పద్ధతి. ఐ3 ఎక్స్11 మీదే నడుస్తుంది. వేలాండ్‌లో అలాంటిదే కావాలంటే స్వే ఉంది, ఐ3 ఫైలును దాదాపు అలాగే చదువుతుంది. ఆవిడ నేర్చుకున్న కీలకు ఢోకా లేదు. కానీ మేం ఎక్స్‌ఎఫ్‌సీఈ నుంచి పిలిచిన పనివాళ్లలో కొందరు, ఎక్స్‌ఎస్‌ఎస్ లాక్ సహా, ఎక్స్ కోసమే పుట్టినవాళ్లు, అక్కడికి రారు. ఆ రోజు వస్తే మళ్లీ అదే కాగితం తీసి, ప్రతి పని ఎదుట కొత్త పేరు రాయాలి. ఆ కాగితాన్ని ఆవిడ ల్యాప్‌టాప్ సంచిలో జాగ్రత్తగా దాచుకున్నారు.